బడి కట్టకుండుట యెట్లు?

గుడి కట్టుటకు ఆగమశాస్త్రము గలదు. ఇల్లు కట్టుటకు వాస్తుశాస్త్రము గలదు. కాని కూలుటకు సిద్ధముగా నున్న బడికి మాఱుగా క్రొత్త బడి కట్టకుండుటకు గల శాస్త్రము, వీనికంటె సూక్ష్మమైనదియు, వీనికంటె నిష్ఠతో నాచరింపబడుచున్నదియు నయ్యును, ఇంతవఱకు గ్రంథస్థము కాకపోవుట మన పండితుల యుపేక్షగాక మఱేమి? ఆ లోపమును కొంతయైనను తీర్పదలచి, నల్లమల పాదమున నున్న మా రుద్రవరము సీమనుండి చూచినంతలో ఆ శాస్త్రమునందలి ముఖ్యసూత్రముల నిచట విన్నవించుచున్నాను. కట్టకుండుట యనగా నిరాకరించుట యని పొరబడరాదు. నిరాకరించువాడు పామరుడు, వానిని జనులు నిలదీయగలరు. శాస్త్ర మెఱిగినవాడు ‘తప్పక కట్టెదము’ అనును. ప్రతి వేసవియందును అనును. ప్రతిపాదనలు పంపుడని యుత్తరువు పంపును. వచ్చిన ప్రతిపాదనలకు సంఖ్య వేయించి, సంఖ్యకు దస్త్రము గట్టి, దస్త్రమును బీరువాలో పెట్టించును.

ఈ శాస్త్రమున ప్రథమసూత్రము: ఆవరణమును ఎన్నడును ఆవరణముగా చూడరాదు, గదిగానే చూడవలెను. ఇచటి పెద్ద గ్రామములలో పాతబడి కెళ్లిన, ఏ గది ఏ పథకము నాటిదో గోడను చూచి సాధారణముగా చెప్పవచ్చును. నాపబండలు పఱచిన వసారా జిల్లా బోర్డు నాటిది. దాని నానుకొనిన రెండు గదులు 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాటివి. మూలనున్నది సర్వశిక్షా అభియాన్ వారిది. ఒక్కొక్క పథకము వచ్చినపుడు ఒకటి రెండు గదులకు సొమ్ము వచ్చినది. ఖాళీ కనబడినచోట గది లేచినది. ఖాళీ కనబడినచోటనే కదా పిల్లలు కబడ్డీ ఆడుకొనునది! ఇట్లు నాలుగు పథకములు గడచుసరికి ఆటస్థలము సంపూర్ణముగా అభివృద్ధి చెంది అదృశ్యమైనది. రాబోవు పదేండ్లలో చుట్టుప్రక్కల పల్లెల ప్రాథమిక పాఠశాలలనుండి ఎందఱు పిల్లలు వత్తురు, వారు ఎచట కూర్చుందురు, ఎచట తిందురు, వానకు ఎటు పరుగెత్తుదురు అను ప్రశ్నలను మొత్తముగా వేసికొన్న పథకము ఒక్కటియు లేకపోయినది.

ద్వితీయసూత్రము ధ్రువపత్రమునకు సంబంధించినది. పాతగదిని పడగొట్టవలెనన్న, అది శిథిలమైనదని ఇంజనీరు వ్రాసి యీయవలెను. వ్రాసి యిచ్చిన మఱుక్షణమునుండి ఆ గదిలో పిల్లలను కూర్చుండబెట్టరాదు. కూర్చుండబెట్టుటకు వేఱొక గది లేదు. వేఱొక గది కావలెనన్న, ఉన్న గది శిథిలమైనట్లు పత్రము కావలెను. కావున ప్రధానోపాధ్యాయుడు, పెచ్చులూడిన కప్పును, తుప్పుబట్టి బయటపడిన చువ్వలను తలయెత్తి చూచి, పత్రము కోరినచో తరగతి చెట్టుక్రిందికి పోవుననియు, కోరకున్నచో తరగతి భగవంతుని దయపై నడచుననియు లెక్కగట్టి, సహజముగా రెండవదానినే యెన్నుకొనును. ఇందులో ఎవరును అసత్యము పలుకలేదు, నియమమును మీఱలేదు, తుదకు సంతకమైనను చేయలేదు. ఇంతటి నిర్మలమైన నిష్క్రియత్వము వేదాంతులకుగూడ దుర్లభము.

పత్రము లభించిన అరుదైన సందర్భమున అంచనా యను తృతీయసూత్రము రంగమున కెక్కును. అంచనాను ఆ యేటి ప్రామాణిక ధరల పట్టికను బట్టి, అనగా ఎస్సెస్సార్‌ను బట్టి వేయుదురు. అది మండలమునుండి డివిజనుకు, డివిజనునుండి జిల్లాకు, జిల్లానుండి అమరావతికి పోయి, పరిపాలనా అనుమతి నొంది, సాంకేతిక అనుమతికై వేచి, టెండరు దశకు వచ్చుసరికి క్రొత్త ఎస్సెస్సార్ వెలువడియుండును. పాత ధరకు పనిచేయ గుత్తేదారు రాడు. క్రొత్త ధరకు అనుమతి లేదు. కాగితము వచ్చినదారినే వెనుకకు పోవును. ఈ యాత్రకు మా సీమవారికి 2022 ఏప్రిల్ 4వ తేదీన ఒక క్రొత్త మజిలీ లభించినది. ఆనాడు నంద్యాల జిల్లా యేర్పడుటతో కర్నూలుకు పోవలసిన విన్నపములు నంద్యాలకు పోవుచున్నవి. దూరము తగ్గినది, కాలము తగ్గినట్లు లేదు.

చేసిన మేలును దాచుట ధర్మము కాదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ తొలిదశలో 15,715 పాఠశాలలకు నీరుగల మరుగుదొడ్లు, త్రాగునీరు, పంకాలు, బల్లలు, ఆకుపచ్చని బోర్డులు, ప్రహరీలు, రంగులు సమకూడినవి. మరుగుదొడ్డి లేక నీరు త్రాగుటకే జంకిన బాలికల కది చిన్న విషయము గాదు. ఐనను వరుస గమనింపుడు: రంగు తొలిదశలోనిది, అదనపు తరగతిగది రెండవదశలోనిది. ఇంతలో 2022 జూన్‌లో 117వ జీవో వెలువడి, కిలోమీటరు లోపలి ప్రాథమిక పాఠశాలలనుండి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినది. తరగతులు ఉత్తరువుచే నడచిపోయినవి. గదులకు కాళ్లు లేవు. ఒకచోట గదులుండి పిల్లలు లేరు, వేఱొకచోట పిల్లలుండి గదులు లేవు. ఆ రద్దీకై తలపెట్టిన క్రొత్త గదులు, ప్రభుత్వము మాఱుటకు ముందే కొన్నియు, మాఱిన పిదప మఱికొన్నియు, పునాదివద్దనో స్తంభములవద్దనో నిలిచిపోయినవి. 2025లో ఆ జీవోయే రద్దైనది. పిల్లలను పిలిచిన యుత్తరువు పోయినది; వారికై లేచిన స్తంభములు మాత్రము పైకప్పునకై యెదురుచూచుచున్నవి. మన పొరుగువారును ఈ విద్యలో వెనుకబడలేదు: తెలంగాణమున 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు–మన బడి’ మొదలైనది, 2024 నాటికి ‘అమ్మ ఆదర్శ పాఠశాలలు’ వచ్చినవి. ప్రభుత్వము మాఱినపుడెల్ల పథకము మరల మొదటినుండి పుట్టుచుండును. పిల్లవాడు మాత్రము మరల ఆఱవ తరగతికి పోజాలడు.

ఇక పూర్వపక్షమును వినవలెను. చెట్టుక్రింద చదివి మహాపురుషులైనవారు లేరా యని కొందఱందురు. మన కర్నూలునుండియే సాక్ష్యము తెత్తురు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధానియైనపుడు ప్రభుత్వ కార్యాలయములే గుడారములలో నడువలేదా, రాజ్యము గుడారములో సాగగా పాఠము సాగదా యని వీరి తర్కము. ఇందొక చిన్న వివరము మఱుగుపడుచున్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే, అనగా మూడేండ్ల మీద ఒక నెలకు, ఆ ప్రభుత్వము గుడారములు విడిచి హైదరాబాదు భవనములకు చేరినది. అధికారులకు మూడేండ్లకే విసుగుదెప్పించిన వసతి, బాలురకు మూడు తరములైనను గుణసంపాదకమే యగుట యెట్లో సెలవీయవలెను.

మఱికొందఱు లెక్కలు తెలిసినవారు, సర్కారుబడిలో పిల్లలు తగ్గుచున్నారు, లేని పిల్లలకు భవనమెందులకు అందురు. పెచ్చులూడు గదిలో, ఒకే గదియందు రెండు తరగతులు వీపులు చేర్చి కూర్చుండుట చూచిన తండ్రి, అప్పుచేసియైనను బిడ్డను ఆళ్లగడ్డ ప్రైవేటుబడి బస్సెక్కించును. పేరు రిజిస్టరునుండి తొలగును. తొలగిన పేరును చూపి గదిని నిరాకరింతురు. నిరాకరించిన గదిని చూచి మఱొక తండ్రి బస్సునకై నిలుచును. వంట చేయక, తినువారు లేరని పొయ్యి నార్పు గృహస్థునివలె, వీరు తాము తెచ్చిన ఫలితమునే తమకు కారణముగా చూపుకొందురు.

ఈ తర్కములన్నియు వానకాలమున పరీక్షకు వచ్చును. 2025 జూలై 25వ తేదీ ఉదయమున రాజస్థానములోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామమున సర్కారుబడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించిరి. ఆ పిదప బళ్ల తనిఖీకి ఉత్తరువులు వెలువడినవి. మన దేశమున శిథిలత్వమునకు తిరుగులేని ధ్రువపత్రము కప్పు కూలుట యొక్కటియే యైనట్లున్నది.

గడువులకు మాత్రము మనకు కొదువ లేదు. రాజ్యాంగము అమలైన పదేండ్లలో, పదునాలుగేండ్లు నిండువఱకు పిల్లలందఱకును ఉచిత నిర్బంధవిద్య గఱపుటకు రాజ్యము యత్నింపవలెనని 45వ అధికరణము వ్రాసికొన్నది; ఆ గడువు 1960లో తీరినది. ఉపాధ్యాయుని కొక గది, బాలబాలికలకు వేర్వేఱు మరుగుదొడ్లు, వంటగది, ఆటస్థలము, ప్రహరీ యుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము అనుబంధమున లెక్కించి చెప్పి, అమలునుండి మూడేండ్లు గడువిచ్చినది. అదియు 2013 మార్చి 31తో ముగిసినది. కార్యాలయపు గడువు పొడిగింపబడును. పిల్లవాని గడువునకు పొడిగింపు లేదు. ఆఱునుండి పదివఱకు ఐదేండ్లు. అంతలో గది లేచిన నది వానిది, లేవకున్న ఎన్నటికిని వానిది కాదు. మన ప్రణాళికలలో సిమెంటునకు, ఇసుకకు, ఇనుమునకు పద్దులు గలవు గాని, ఈ యైదేండ్లకు పద్దు లేదు. దోషమంతయు నచటనే యున్నది.

కట్టు విధానమున రహస్యమేమియు లేదు. రాబోవు పిల్లలను ప్రాథమిక తరగతుల రిజిస్టర్లలోనే లెక్కింపవచ్చును. ఆవరణమంతకును ఒకే పటము గీచి, ఖాళీవైపున తొలిభాగము కట్టి, పిల్లలను దానిలోనికి చేర్చిన పిదపనే పాతభాగము పడగొట్టి, మిగిలినది కట్టవచ్చును. అంచనాలోనే ధర పెరుగుదలకు చోటుంచవచ్చును. పంచాయతీ మేస్త్రికి తెలిసిన ఈ వరుస రాజధానికి తెలియదని నమ్మజాలము. తెలిసియు చేయకుండుటనే పైన శాస్త్రమంటిని.

కావున నొక నియమము సూచించి విరమింతును. ఆళ్లగడ్డలో విగ్రహములు చెక్కు శిల్పులున్నారు. దేవతామూర్తికి కన్నులు తెఱచుట తుదిపని యని వారెఱుగుదురు. బడి విషయమున మాత్రము పునాది తీయకమునుపే ఫలకముపై పేర్లు చెక్కుట ఆచారమైనది. ఇకమీదట శంకుస్థాపననాడు ఫలకముపై ఒక్క పంక్తియే యుండవలెను: ‘నేటి ఆఱవ తరగతివారు ఫలానా యేట ఈ గదులలో కూర్చుండి పదవ తరగతి చదువుదురు.’ వారు కూర్చుండిననాడు ఏలికల పేర్లు, బిరుదములతో సహా, ఎంత పెద్ద అక్షరములతోనైనను చెక్కించుకొనవచ్చును. ఈ షరతునకు ఒడంబడని ప్రతిపాదన యేది వచ్చినను, గ్రామసభవారు దానిపై ‘లోపములు సవరించి మరల సమర్పించునది’ అని వ్రాసి వెనుకకు పంపవలెను. ఆ వాక్యము వ్రాయు హక్కు కార్యాలయములకే చెందునని ఇంతవఱకు ఏ జీవోయు చెప్పలేదు.