లేబర్ 80: టీకా తాత్పర్య సహితం

అవతారిక. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మన మెతుకుసీమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ టీక మొదలుపెట్టాడు. ఆ ఒట్టులో మొదటి సగం ఈ వ్యాఖ్యలో ఒకచోట తప్పక తప్పుతుంది, ఎందుకో అక్కడే చెప్పుకుందాం. రెండో సగం పాఠకుల దయ. వాయులింగం వెలసిన శ్రీకాళహస్తిలో తైలచర్చ ఏమిటని పండితులు అడగవచ్చు. పొద్దున్నే రాచగున్నేరి పైపుల ఫ్యాక్టరీకో, ఏర్పేడు మీదుగా తిరుపతికో బయల్దేరే బళ్లు వాయువు మీద నడవవు, అదీ సంగతి. బండి ఆయిల్ ఇంట్లో మనమే మార్చుకుంటే లాభమా, మెకానిక్కు చేత మార్పిస్తే లాభమా అన్నది సందేహం. మూలం మెకానిక్కు చీటీ వెనక రాసిచ్చే ఒక్క పాదం. అందులోని అంకెలు ఊరి రేట్లకు దగ్గరగా ఈ వ్యాఖ్య కోసం వేసుకున్నవి, షెడ్డును బట్టి అటూ ఇటూ అవుతాయి.

మూలం. ఆయిల్ లీటరు 420, వాషరు 10, లేబర్ 80, వెరసి 510.

టీక. ఆయిల్ అనగా బైకు ఆయిల్ అనే అర్థం, కారు ఆయిల్ కాదు. మన బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. కార్లకోసం జారుడు గుణం పెంచిన ఆయిల్ పోస్తే క్లచ్ పట్టు తప్పి జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందా లేదా చూడమనేది అందుకే. లీటరు అన్నది స్థూలంగా చెప్పిన మాట, స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి లీటరు లోపే పడుతుంది. వాషరు అల్పపదం, అయినా అన్వయం దాని మీదే నిలబడుతుంది; పాతదే మళ్లీ వేస్తే వారానికల్లా ఇంజిన్ కింద చుక్క కనిపిస్తుంది. ఇక లేబర్. 17 నంబరు రింగు పానాతో కింది బోల్టు విప్పి, ఆయిల్ దించి, బిగించి, పైన కొత్తది పోయడం. పది పదిహేను నిమిషాల పనికి ఎనభై రూపాయలా అని గృహస్థుకు రోషం వచ్చేది ఈ పదం దగ్గరే. సొంతంగా మార్చుకోవాలనే సంకల్పం పుట్టేదీ ఇక్కడే.

రోషాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి రోజూ వెళ్లొచ్చే బండి రానూపోనూ 75 కిలోమీటర్లు తిరుగుతుందనుకుంటే, నెలకు 25 రోజుల లెక్కన ఏడాదికి 22,500. మూడు వేలకొకసారి ఆయిల్ మారిస్తే ఏడెనిమిది మార్పులు, అంటే లేబర్ దాదాపు 600 రూపాయలు. పానా, ట్రే, గరాటు కొనడానికి ఓ నాలుగువందలు పోతే మొదటి ఏడాది మిగిలేది 200. అదే బండి లీటరుకు 60 ఇచ్చినా పెట్రోలుకు ఏటా 41 వేలకు తగ్గదు. టైర్లో గాలి సరిగ్గా ఉంచుకున్నవాడు ఆ రెండువందలూ కష్టం లేకుండానే మిగుల్చుకుంటాడు. ఇక రోజుకు పది కిలోమీటర్లు దాటకుండా ఊళ్లోనే తిరిగే బండికి ఏడాదికి ఒకటో రెండో మార్పులు. ఆ లెక్కన పానా ఖరీదు రాబట్టడానికే ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మల్లినాథుడికి క్షమాపణ చెప్పుకుని, మూలంలో లేని ఒక పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి: "ఎన్ని కిలోమీటర్లకు". చీటీలో ఎక్కడా రాయని ఈ పదంలోనే డబ్బంతా ఉంది. పై బండికే మూడు వేలకు బదులు రెండు వేలకు మారిస్తే మార్పులు పదకొండు దాటుతాయి, ఖర్చు దాదాపు 1,900 పెరుగుతుంది. ఇంట్లోనే రెండు వేలకొకసారి మార్చుకునేవాడికి ఏటా 4,800 పైన అవుతుంది. మెకానిక్కు దగ్గర మూడు వేలకు మార్పించేవాడికి 3,825. అంటే బోల్టు ఎవరు విప్పారన్నది కాదు, ఎప్పుడు విప్పారన్నదే ప్రశ్న. సొంత చేత్తో చేసేవాడికి పానా కొన్న ఉత్సాహంలో చెయ్యి ఊరుకోదు, ముందుగానే మార్చేస్తాడు. షెడ్డుకు పోయేవాడికీ ఉపదేశం ముందే అందుతుంది. మెకానిక్కు బొటనవేలికి ఆయిల్ రాసి, "చూడన్నా, ఎట్లా నల్లగైపోయిందో" అంటాడు. నలుపు దోషానికి గుర్తు కానక్కరలేదు. మసిని ఇంజిన్ గోడలకు అంటుకోకుండా తనలో కలుపుకోవడం ఆయిల్ చేయవలసిన పనే. గడువు ఎంతో బండితో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. దాన్ని సీటు కిందినుంచి తీసి చదివినవాళ్లు తక్కువ.

పూర్వపక్షం. నలభై డిగ్రీలు దాటే మన ఎండ, లారీల దుమ్ము, ముగ్గురితో పోయే బళ్లు. ముందుగా మార్చడమే క్షేమం కదా? నిజమే, కష్టపెట్టే బండికి గడువు తగ్గించుకోమని ఆ పుస్తకాలే చెబుతాయి. అయితే లీటరు లోపే పట్టే ఇంజిన్‌కు ఆయిల్ పాతబడటం కన్నా తగ్గిపోవడం పెద్ద ప్రమాదం. వారానికొకసారి డిప్ స్టిక్ తీసి తుడిచి చూడటానికి రూపాయి ఖర్చు లేదు. ఇంకో ఆక్షేపం గట్టిది: షెడ్డులో ఏ డ్రమ్ములోంచి ఏ లూజు ఆయిల్ పోశారో ఎవరికి తెలుసు? ఈ అనుమానం న్యాయమైనదే గానీ, దానికి మందు పానా కాదు. సీలున్న డబ్బా మనమే కొని తెచ్చి, ఎదుట నిలబడి పోయించుకుని, లేబర్ మాత్రం ఇవ్వడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నమ్మకం చేతికొస్తుంది, బోల్టు పూచీ మెకానిక్కు మీద ఉంటుంది. ఆ పూచీ చిన్నదేమీ కాదు. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఇంట్లో కసిగా ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే త్రెడ్డు పోయి, లేతు పనికి ఎన్నో ఎనభైలు కట్టాలి.

పాఠాంతరం. షోరూం ప్రతిలో ఈ పాదం సాగి సీసపద్యమవుతుంది. లేబర్ పెరుగుతుంది, కన్స్యూమబుల్స్ అని అర్థం కాని ఒక పాదం చేరుతుంది, ఆపైన వాటర్ వాషు, పన్ను. రాహుకేతు పూజలో టికెట్టును బట్టి కూర్చునే చోటు మారినట్టు, పోసేది అదే ఆయిల్, మారేది ఏసీ గది. కొత్త బండి ఫ్రీ సర్వీసులో లేబర్ ఒక్కటే ఫ్రీ, ఆయిల్ డబ్బులు మనవే. అయినా వారంటీ ఉన్నన్నాళ్లు అక్కడికే పోవడం మంచిది, రేపు ఇంజిన్‌లో లోపం తేలితే సర్వీసు రికార్డు అడుగుతారు.

విశేషం. మూలం దాచిన సరుకు ఇంకొకటి, దించిన కాలిన ఆయిల్. షెడ్డులో అది డ్రమ్ములోకి పోతుంది. కొంత పాత ఆయిల్ కొనేవాళ్లకు, కొంత సెంట్రింగు పలకలకు పూయడానికి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ కంపెనీల మీద కూడా పెట్టారు. పెరట్లో దించినవాడికి ఈ ఏర్పాటేదీ అందదు, వీధి కాలవ మాత్రం అందుబాటులో ఉంటుంది, కాలవ దారి స్వర్ణముఖి నది వైపు. అట్లా పోయకూడదనుకున్న గృహస్థు ఖాళీ డబ్బాలోకే వంచి, మూత బిగించి, షెడ్డుకు మోసుకుపోవాలి. మెకానిక్కు డబ్బా అందుకుంటూ, "ఈడనే మార్పించుకోనుంటే సరిపోయేది గదన్నా" అంటాడు.