కలను వచ్చు చేప: టీకా తాత్పర్య సహితం

మూలం:

నీమొ యింట నుండ నెంతయు ముదమాయె
డోరి చేర మనసు డోలలూగె
కలను వచ్చు చేప కాసుల కందదు
ఉప్పు కలుపువాని గొప్ప వినుడు

అవతారిక: కర్త ఎవరో తెలియదు. ఈ టీకా రాస్తున్నవాడే అయి ఉంటాడని ఒక వాదం ఉంది; దాన్ని ఖండించడం ఇక్కడ అప్రస్తుతం. సందర్భం మాత్రం స్పష్టం. హైదరాబాదులో ఏడో అంతస్తు ఫ్లాటు. సముద్రం చూడాలంటే రాత్రి బండెక్కి విశాఖ పోవాలి. ఆ ఫ్లాటు హాల్లో, పూర్వం దేవుడి పటాలున్న గోడకి నాలుగడుగుల గాజుతొట్టి, దాని మీద నీలి దీపం. అతిథి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే గృహస్థు "ముందు మా మెరైన్ ట్యాంకు చూడండి" అంటాడు. ఒక్కో చేపకీ లాటిన్‌లో గోత్రం, ప్రవర, ఆపైన కొన్న ధర వరసగా చదువుతాడు. చివరికి కళ్లు అరమూసి "నా డ్రీమ్ ఫిష్ వేరే ఉందండీ" అంటాడు. కాఫీ అప్పటికింకా రాదు. ఆ ఆలస్యంలో పుట్టిందీ ఆటవెలది.

నీమొ: 'మొ' హ్రస్వమేమిటని శాబ్దికులు అడుగుతారు. ఛందస్సు కోసం. చేప కన్నా ముందు దాని పేరే ఇరుకులో పడిందన్నమాట. పదార్థం సుగమం. 2003లో నీమో సినిమా వచ్చినప్పటి నుంచీ నారింజరంగు ఒంటి మీద మూడు తెల్లపట్టీలున్న ఈ చేపను గుర్తుపట్టని పిల్లలు లేరు కనుక వివరించడం లేదు. సినిమావాళ్లు వివరించని సంగతి ఒకటి మాత్రం చెప్పాలి. ఈ జాతిలో ఆడదిగా ఏదీ పుట్టదు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది. అది పోతే దాని మగడే ఆడదై, తర్వాతి స్థానంలో ఉన్న చిన్నది మగడి స్థానానికి వస్తుంది. ఆ లెక్కన సినిమా మొదట్లో తల్లి పోగానే తండ్రి తల్లి కావాలి; మిగతా కథ ఎలా నడిచేదో పాఠకులే ఊహించుకోవచ్చు. మన పురాణాల్లో సుద్యుమ్నుడు ఒక నెల ఇల, ఒక నెల సుద్యుమ్నుడు. నీమోకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి ఆడదైతే ఇక ఆడదే. "మీ జంటలో ఆడది ఏదండీ?" అని గృహస్థుని అడిగితే జంట ధర చెప్పాడు.

డోరి చేర మనసు డోలలూగె: అన్వయ క్లేశం లేదు. ఊగినది యజమాని మనసు. చేప ఊగడానికి తొట్టిలో చోటు లేదు.

ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. అదే సినిమాలోని ఈ నీలి చేపను, బ్లూ ట్యాంగ్ అంటారు, అంగట్లో బొటనవేలంత ఉన్నప్పుడు అమ్ముతారు. పెరిగితే దాదాపు 30 సెంటీమీటర్లు. రోజంతా ఈదే జాతి. "పెద్దదైతే ఎలా?" అని కొనేవాడు అడిగితే అంగడివాడు చెప్పే సిద్ధాంతం ఒకటుంది: "ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుద్ది సార్." ఇది పూర్వపక్షం. దీన్ని పురాణమే ఖండించింది. భాగవతం అష్టమ స్కంధం చూడండి. సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా దోసిట్లోకి చేపపిల్ల వచ్చింది. నీళ్లలోకి వదలబోతే, పెద్దచేపలు మింగేస్తాయి, కాపాడమంది. కమండలంలో వేశాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. పెద్ద కడవలో వేశాడు. ముహూర్తం లోపు మూడు మూరలు పెరిగింది. చెరువులో వేశాడు, అదీ చాలలేదు. అంతకన్నా పెద్ద మడుగులు వెతికాడు. చివరికి సముద్రం.

గమనించవలసింది ఏమిటంటే, కడవ ఎంతుందో అంతే పెరగడానికి ఆ చేప ఒప్పుకోలేదు. అంతకన్నా గమనించవలసింది, రాజు ఒక్కసారి కూడా "సర్దుకో" అనలేదు. చేప ఇరుకన్నప్పుడల్లా పాత్ర మార్చాడు. ఆయన భక్తిని మెచ్చుకున్న వ్యాఖ్యాతలు చాలామంది. ఆయన పశుపోషణను మెచ్చుకున్నవాళ్లు కనబడరు.

శతపథ బ్రాహ్మణంలో కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్కడ చేప మనువుకి దొరికిన పూటే మొత్తం ప్రణాళిక చెప్పేస్తుంది: ముందు కుండలో ఉంచు, కుండ చాలనప్పుడు గొయ్యి తవ్వు, అదీ చాలనప్పుడు సముద్రంలో వదులు. అడిగి తెలుసుకుని తెచ్చుకోవడమంటే అదీ. మహాభారతం అరణ్యపర్వంలోనూ మనువే. జాడీ అయ్యాక దిగుడుబావి, రెండు యోజనాల పొడవు, ఒక యోజనం వెడల్పు. అందులోనూ చేప మసలలేకపోయింది. అప్పుడు గంగకు, గంగ నుంచి సముద్రానికి. యోజనమంటే ఎన్ని మైళ్లన్నదాని మీద పండితులకు తగాదా ఉంది. ఏ లెక్క తీసుకున్నా నాలుగడుగుల కన్నా ఎక్కువే.

ఎక్కడున్నాం? డోరి దగ్గర. ఇరుకులో చేప పెరగడం ఆగిందంటే నీరు పాడై, ఒత్తిడికి గురై, జబ్బుపడి ఆగిందని అర్థం. దాన్ని అంగడివాడు వినయమన్నాడు. ఈ జాతిని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో మొట్టమొదటిసారి తొట్టిలో పుట్టించి పెంచగలిగారు. అంతవరకూ ఇళ్లలో తిరిగిన ప్రతి డోరీ సముద్రంలో పట్టి తెచ్చినదే.

కలను వచ్చు చేప: కలలో కనబడే చేప అని రూఢి. 'కలను' అంటే యుద్ధమని కూడా నిఘంటువులున్నాయి. కరెంటు బిల్లు వచ్చిన రోజున ఆ ఇంట్లో ఆ అర్థమే గ్రాహ్యం. ఆ చేప ఏదన్న విషయంలో మూడు మతాలు.

మొదటిది పెప్పర్‌మింట్ ఏంజెల్. ఎర్రటి ఒంటి మీద తెల్లని చారలు. పసిఫిక్‌లో కుక్ దీవుల రారోటోంగా దగ్గర, 50 మీటర్లకు దిగువన ఉంటుంది. 1992లో గానీ దానికి శాస్త్రీయనామం పడలేదు. మామూలు మునకగాళ్లు అంత లోతుకి పోలేరు కాబట్టి బయటికి వచ్చినవి వేళ్ల మీద లెక్కే. దీని గురించి మాట్లాడేవాళ్లంతా ధర గురించే మాట్లాడతారు. ఇది మన గృహస్థు మతం.

రెండోది మాండరిన్. పోచంపల్లి నేతలాంటి ఒళ్లు. వెన్నెముక జీవుల్లో నీలిరంగు సాధారణంగా కాంతి చేసే మాయ; ఈ చేపకు మాత్రం నిజమైన నీలివర్ణమే చర్మంలో ఉంది. అయితే దీని తిండి కంటికి ఆననంత చిన్న పురుగులు, కోపిపాడ్‌లు. రాళ్లమీద పొద్దస్తమానం వాటిని ఏరుకుంటూ ఉండాలి. కొత్త తొట్టిలో అవి కొన్నాళ్లకే అయిపోతాయి. పైనుంచి జల్లిన తిండిని చాలా మాండరిన్‌లు ముట్టవు. తల వెనక ఒళ్లు చిక్కిపోతుంది, పొట్ట లోపలికి పీక్కుపోతుంది. చుట్టాలు ఫోటోలు తీసుకుంటూనే ఉంటారు.

మూడోది మూరిష్ ఐడల్. నలుపు, తెలుపు, పసుపు. వీపు మీంచి సాగిన తెల్లటి వెంట్రుక లాంటి రెక్క. సముద్రంలో ఇది ముఖ్యంగా స్పంజికలు కొరుక్కు తింటుంది. ఇంటికి తెస్తే తిండి మానేసి చిక్కి పోయేవే ఎక్కువ. మూలంలో 'కాసుల కందదు' అన్నాడు. పెప్పర్‌మింట్ ఏంజెల్ కాసులకు అందుతుంది, కాసులు కావలసినన్ని ఉంటే. మూరిష్ ఐడల్‌ను కొనడం అంత కష్టం కాదు, బతికించడమే కష్టం. కనుక కవి హృదయం మూరిష్ ఐడలేనని నా సిద్ధాంతం.

ఏ మతం వాళ్లనైనా ఒక్క ప్రశ్న అడగండి: అది ఏం తింటుంది? ధర చెబుతారు, దీవి పేరు చెబుతారు, లాటిన్ పేరు దీర్ఘాలతో సహా చెబుతారు. తిండి దగ్గరికి వచ్చేసరికి "ఫ్లేక్స్ వేస్తామండి" అంటారు. పట్టే పద్ధతి సంగతి అసలు అడగరు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచీ పగడపు సందుల్లోకి సీసాలతో సోడియం సైనైడ్ చిమ్మి, మత్తెక్కిన చేపల్ని ఏరుకునే అలవాటు ఉంది. ఆ విషానికి పగడం చస్తుంది. చేప కొన్నాళ్లు ఆగి చస్తుంది, ఈలోగా చేతులు మారుతుంది. నష్టం చివర కొన్నవాడిది. వాడు "ట్యాంక్ క్రాష్ అయిందండీ" అంటాడు, షేర్లు పోయినట్టు.

ఉప్పు కలుపువాని: అగస్త్యుడు సముద్రాన్ని తాగాడు, ఈయన కలుపుతున్నాడు. వంటింటి ఉప్పు కాదు. లీటరుకు 35 గ్రాముల సముద్ర లవణమిశ్రమం. 400 లీటర్ల తొట్టికి 14 కిలోలు. మన బోరు నీళ్లు పనికిరావు, ఆర్వో నీళ్లు కావాలి. సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికే వారాలు పడుతుంది. అందాకా చేపను వేయకూడదు. ఈ శ్రమ నిజమైన శ్రమే, దాన్ని వెక్కిరించను. పక్కన స్కిమ్మర్ గురగురమంటూ గోధుమరంగు నురగను గిన్నెలోకి తోడుతుంటే, గృహస్థు దాన్ని రోజూ సొంతచేత్తో కడుగుతాడు. ఆ గిన్నె వాసన చూసినవాడు ఆయన్ను సోమరి అనలేడు. మంచినీళ్లడిగిన అతిథికి 1.025 గురించి చెప్పడం మాత్రం క్షమార్హం కాదు.

రాళ్ల మధ్య పగడం ఒకటి కనబడింది. "ఇది?" అన్నాను. ఆయన గొంతు తగ్గించాడు. గట్టి పగడాలన్నీ 2001 నుంచీ మన వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు.

గొప్ప వినుడు: నాలుగో పాదంలో ప్రాసయతి, ఉప్పుకు గొప్ప సరిగ్గా అతికింది. అలంకారం స్వభావోక్తి అని కొందరు. చేపను దాని స్వభావానికి వదలలేదు కనుక అతిశయోక్తి అని నేను.

తాత్పర్యం: ఉప్పునీటి తొట్టి పెట్టాలని మీకు నిజంగా ఉంటే నీమో జంటతో మొదలెట్టండి, అదీ తొట్టిలో పుట్టినవి. వాటిని పొదిగించి పెంచే పద్ధతిని మండపం అనే ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాఖవాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. ఏ చేపనైనా డబ్బులిచ్చే ముందు, మీ కళ్లెదుట దానికి తిండి వేయమని అంగడివాడిని అడగండి. తినకపోతే కొనకండి.