అమ్ముడుపోని జంపఖానా

నేను వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానాను. అచ్చమైన నూలు. తొమ్మిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఎరుపూ నీలం చారలు, రెండు చివర్లా కుచ్చులు. ఏలూరు తివాచీకి ఉన్నట్టు నాకు ఉన్ని ముడులు, మెత్తటి నూగు ఉండవు. అందుకే పైవైపు, అడుగువైపు అన్న తేడా నాకు లేదు. ఒక పక్క వెలిస్తే తిరగేసి పరుస్తారు. నలభై ఏళ్లు దాటి బతికానంటే ఆ నేత చలవే. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి నేను పుట్టినూరికి చాలా దూరంలో, ఓ గోదాములో మూలన పడి ఉన్నాను.

1980ల మొదట్లో నన్ను గోనెపట్టాలో చుట్టి, కాజీపేటలో పార్సిల్ పెట్టె ఎక్కించారు. నాగపూర్ మీదుగా బిలాస్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపించింది. నా మగ్గం దగ్గర విన్న తెలుగు కాదది, సాగదీసి పాటలా పలికే శ్రీకాకుళం తెలుగు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ జనాన్ని ఇంత దూరం తెచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్‌కు లైను 1931లో పూర్తయ్యాక దారి ఇంకా దగ్గరైంది. తాత కళాసీ, తండ్రి ఫిట్టరు, కొడుకు గార్డు. అలా మూడు తరాలు గడిచినా ఇంట్లో అంబలి మానని కుటుంబాలు రైల్వే కాలనీ నిండా ఉన్నాయి.

నన్ను తెప్పించిన షావుకారు కూడా ఓ కళాసీ కొడుకే. బుధ్‌వారీ బజార్ పక్కన ఒంటి గది దుకాణం. నవారు మంచాలు, మడత కుర్చీలు, రేకు బీరువాలు, భదోహీ తివాచీలు నాలుగైదు. నన్ను అమ్మకానికే పెట్టాడు. కట్ట విప్పి పరిచిన రోజునే ఓ ముసలావిడ వచ్చి నా మీద చతికిలబడింది. "ఏటి బాబూ, మనిషిని నిలబెట్టే బేరమాడతావేటి?" అంది. షావుకారు నవ్వి ఆవిడకు మంచినీళ్లు తెప్పించాడు. మళ్లీ నన్నెవరికీ అమ్మలేదు.

ఆ దుకాణం ఎందుకు నిలిచిందో నా మీద జరిగిన మాటల్లోనే తెలుస్తుంది. వచ్చినవాళ్లను ఆయన ముందు అడిగేది, "క్వార్టరు ఏ టైపు? తలుపు ఎంత వెడల్పు?" అని. తర్వాతే సరుకు చూపేవాడు. బదిలీ అయితే మంచాన్ని మళ్లీ తనే కొనేవాడు, నవారు మార్చి కొత్తగా కాపురం పెట్టిన జంటకు తక్కువలో ఇచ్చేవాడు. ఒక్కో మంచం అలా నాలుగిళ్లు తిరిగింది. ఖాతా పుస్తకానికి ఎర్ర గుడ్డ అట్ట. జీతాల రోజు సాయంత్రం నా మీద నోట్లు లెక్కపెట్టుకునేవారు. ఇవ్వలేనివాడు కూడా వచ్చి కూర్చుని, కారణం చెప్పి వెళ్లేవాడు. ఆ రావడమే షావుకారుకు పూచీ.

1979-80 నుంచి రైల్వే వాళ్లకు ఉత్పాదకత బోనసు మొదలైంది. అది దసరా ముందు చేతికొచ్చేది. ఆ పది రోజులు కుచ్చులు తొక్కించుకోవడమే నా పని. 1986లో నాలుగో వేతన సంఘం, 1997లో అయిదోది. బకాయిలు అందిన నెలల్లో చెక్క మంచాలు, డ్రెస్సింగ్ టేబుళ్లు కదిలాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వచ్చింది, హైకోర్టు బిలాస్‌పూర్‌కే దక్కింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రమైంది. ఆఫీసర్లు, వకీళ్లు దిగారు. రిటైరైనవాళ్లు హేమూనగర్, తోర్వా వైపు ఇళ్లు కట్టుకున్నారు. చాంపాలో ఒక శాఖ, రాయగఢ్‌లో ఒకటి, కోర్బాలో ఒకటి తెరిచారు. 2008, 2009ల్లో ఆరో సంఘం బకాయిలు రెండు విడతలుగా పడ్డాయి. అప్పుడు మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల షోరూం లేచింది.

ఆ షోరూం అప్పు చేసి కట్టిందే. ఆ అప్పు చేసింది చిన్న షావుకారు. మంచి కుర్రాడు, కష్టజీవి. కానీ గచ్చు మీద పలకలు మెరవాలన్నాడు, నన్ను గోదాముకు పంపించాడు. నా చోట గాజు బల్ల పెట్టారు. కొనడానికి వచ్చినవాళ్లు నిలబడే చూసి, నిలబడే వెళ్లేవాళ్లట.

గోదాములో వడ్రంగులు, సోఫా కుట్టేవాళ్లు మధ్యాహ్నం నా మీద కూర్చుని అన్నం తినేవారు. సంగతులన్నీ వాళ్ల నోటే విన్నాను. ఓసారి పెద్ద సోఫా తీసుకెళ్తే రైల్వే క్వార్టరు తలుపులో పట్టలేదట. కాళ్లు ఊడదీసినా దూరలేదు, తిరిగొచ్చింది. ఆ సోఫాను నా పక్కనే నిలబెట్టారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న గుర్తొచ్చేది. తలుపు ఎంత వెడల్పు అని అడిగే నోరు షోరూంలో లేకపోయింది. ఎర్ర అట్ట ఖాతా కూడా పోయింది. వాయిదాల కంపెనీ కాగితాల మీద సంతకాలు చేయించేవారు. వాయిదా తప్పినవాడు ముఖం చాటేశాడు, మళ్లీ దుకాణం మెట్లెక్కలేదు.

2016 నవంబరులో నోట్లు రద్దయ్యాయి. పెళ్లిళ్ల కాలం సరుకు అలాగే ఉండిపోయింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. ఫర్నిచరులో చాలా రకాల మీద 28 శాతం వేశారు, నవంబరులో 18కి తగ్గించారు. ఈలోగా వడ్డీ ఆగలేదు. పిల్లలు ఫోన్లలోనే మంచాలు కొంటున్నారు. కోర్బా మూసేశారు, తర్వాత రాయగఢ్. 2020 మార్చిలో రైళ్లే ఆగిపోయాయి. బిలాస్‌పూర్‌లో ప్రయాణికుల రైలు కూత లేని రోజులు నా ఎరుకలో అవే. మరుసటి ఏడాది షోరూం షట్టరు చివరిసారి దిగింది. పెద్దాయన వచ్చి, గోదాము సరుకులో నన్నొక్కదాన్నే చుట్టించి ఇంటికి తీసుకెళ్లాడు.

2024లో లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు వచ్చి నా మీద కూర్చున్నాడు. అక్కడ కార్పెట్‌రైట్ అనే తివాచీల దుకాణాలు ఆ జులైలో చితికిపోయాయని చెప్పాడు. ఆ సంస్థను పెట్టిన ఫిలిప్ హారిస్ పదిహేనేళ్ల వయసులో, 1957లో, తండ్రి దుకాణాలు చేపట్టిన మనిషి. తివాచీలు, ఫర్నిచరు అమ్మే హారిస్ క్వీన్స్‌వే అనే పెద్ద గొలుసు కట్టాడు. 1988లో దాన్ని 44.7 కోట్ల పౌండ్లకు వేరేవాళ్లు కొన్నారు. అందుకు పెద్ద అప్పే చేశారు. రెండేళ్లలో, 1990 ఆగస్టులో అది కూలింది.

పెద్దాయన ఒక్కటే అడిగాడు. "వడ్డీ ఎంత పెరిగిందిరా?"

"ఏడున్నర నుంచి పదిహేనుకి, తాతయ్యా. ఏడాదిన్నర లోపే."

ఆయన చాలాసేపు నా చార మీద వేలు రాస్తూ కూర్చున్నాడు. "మనవాడు అంతకంటే ఎక్కువకే తెచ్చాడు. నేనే సంతకం పెట్టాను," అన్నాడు. అంతవరకూ ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ శీతాకాలమే నన్ను తెలుగువాళ్ల రామమందిరానికి ఇచ్చేశాడు. శ్రీరామనవమికి పరిచి చూస్తే ఒక అంచు చీకిపోయి ఉంది. సోఫాలు కుట్టిన మనిషి ఇప్పుడు రోడ్డు పక్కన చెట్టు కింద పనిముట్లు పెట్టుకుని ఉంటాడు, అతన్ని పిలిపించారు. నన్ను చూసి గుర్తుపట్టాడు. తన మొదటి జీతం దీని మీదే లెక్కపెట్టి ఇచ్చారని తన ఛత్తీస్‌గఢీలో పూజారికి చెప్పాడు. సోఫా గుడ్డకు వాడే మందపాటి ఆకుపచ్చ దారంతో మూర పొడవు కుట్టాడు. నా రంగులో కలవదు, కానీ గట్టి కుట్టు. డబ్బులు తీసుకోలేదు. పానకం తాగి, నా మీద కాసేపు కూర్చుని వెళ్లాడు.

సాయంత్రం నలుగురు కలిసి దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి అటక మీద ఉంచారు. వినాయక చవితికి దించుతారట.