పాలపళ్ల రైజెన్

చిప్పుల కంపెనీ ఏఎండీ వారు 2025లో చప్పుడు చేయకుండా జరిపించిన నామకరణం సంగతి మీరు చదివే ఉంటారు. అప్పటిదాకా రైజెన్ 5 7520యూ అనే ప్రాసెసర్ ఒకటుండేది. ఇప్పుడది రైజెన్ 5 40 అట. లోపలి సరుకు అదే. దాని జెన్ 2 వంశం 2019 నాటిది. బారసాల మాత్రం కొత్తగా చేశారు.

ఇంత తెలివైనవాళ్లు ఎక్కడో శాంటా క్లారాలో కూర్చుని చిప్పులు అమ్ముకోవడం అన్యాయం. వెంటనే మా పాములపాడుకు పిలిపించి బండలాగుడు పోటీల కమిటీలో వేయాలి.

మా సీమ పందేలు చూసినవారికి చెప్పక్కర్లేదు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఎద్దు వయసు యజమాని చెబితే రాసుకోరు. మూతి పట్టుకుని, పెదవి కిందికి లాగి, కింది దవడ చూస్తారు. పాలపళ్లు ఊడి పెద్దపళ్లు జతలు జతలుగా వస్తాయి కాబట్టి ఎద్దు అబద్ధమాడలేదు. తరాలకు పేర్లు పెట్టడంలో ఇంతకన్నా నికార్సయిన పద్ధతి నేనింకా చూడలేదు.

ఏఎండీ వారి కొత్త కమిటీ వచ్చిందనుకోండి. మా పెద్దనాయన బసవణ్ణి తోలుకొచ్చాడు. ఎనిమిది పళ్లూ వచ్చి, అవీ సగం అరిగిన ఎద్దు.

"పెద్దాయనా, ఎద్దును మైదానంలోకి ఎప్పుడు తెచ్చారు?"

"ఇప్పుడే గదా సామీ, మీ ముందరే."

"అయితే ఇది ఈ ఏడాది ఎద్దు. పాలపళ్లలో రాయండి."

"పళ్లు సూడరా?"

"పళ్లు మూడో అంకెలో ఉంటాయి. పట్టిక ఇస్తాం, ఇంటికెళ్లి చూసుకోండి."

ఇది నా కల్పన అనుకునేరు. ఆ పట్టికను 2022లో ఏఎండీ వారే విడుదల చేశారు. 7520లో మొదటి 7 అంటే బజారుకు తెచ్చే మోడల్ ఏడాది, 2023. తర్వాతి 5 తరగతి. అసలు వయసు చెప్పే 2, అంటే జెన్ 2, మూడో స్థానంలో ముడుచుకుని కూర్చుంది. ఇదంతా విని మా పెద్దనాయన ఒక్కటే అడిగాడు. "అంటే సంతకు తోలిన ఏడాదే గొడ్డు పుట్టిన ఏడాదా నాయనా?"

పక్కూరి కమిటీ ఇంటెల్ కూడా తక్కువ తినలేదు. వాళ్లదీ ఒకప్పుడు పళ్ల లెక్కే. 286, 386, 486. అంకె మీద ట్రేడ్‌మార్కు దక్కదని తేలాక 1993లో పెంటియం అన్నారు. 2023 డిసెంబరులో ఈ ఇంటెల్‌వారే ఏఎండీ పేర్ల మోసాన్ని ఎండగడుతూ 'కోర్ ట్రూత్స్' అనే ప్రచారపత్రం వదిలారు. అందులో ఏఎండీని పాము నూనె పేరుతో దొంగమందు అమ్మేవాడితో పోల్చారు. పాములపాడు వాణ్ణి కదా, ఉలిక్కిపడి చదివాను. తర్వాత ఆ పత్రాన్ని వాళ్లే తీసేశారు. నెల తిరిగేసరికే, 2024 జనవరిలో, పదమూడో తరం రాప్టర్ లేక్‌కు కోర్ 5 120యూ అని కొత్త పేరు తొడిగి బజారుకు తోలారు. పాము నూనె అని తిట్టిన నోటితోనే కుబుసం విడిచారన్నమాట.

పేరు మారడం మాకు కొత్త కాదు. బనకచర్ల రెగ్యులేటర్ మా మండలంలోదే. శ్రీశైలం నీళ్లు ఒక్క కాలువలో అక్కడికొచ్చి తెలుగుగంగ, ఎస్సార్బీసీ, కేసీ కాలువ అని పేర్లు మార్చుకుని పోతాయి. అంతమాత్రాన ఇవి ఈ ఏడాది పుట్టిన కొత్త నీళ్లని ఏ ఇంజనీరూ చెప్పలేదు.

మళ్లీ మైదానానికి వద్దాం. 7520లో వెతికితే కనబడే ఆ 2 అయినా ఉండేది. కొత్త పేరు 40లో అదీ లేదు. ఇన్నాళ్లూ పళ్లు చూడొద్దన్న కమిటీ ఈసారి బసవడి మూతికి చిక్కం బిగించి, పైన తాళం వేసింది. మైకులో మాత్రం "పాలపళ్ల కోడె, పాలపళ్ల కోడె" అని ఒకటే ఊదర.

ఇక నవ్వలేను. ప్రాసెసర్ల సంగతి తెలిసినవాడు పేరు చూసి కొనడు. ఈ పేర్లన్నీ తెలియనివాడి కోసమే పెట్టారు. కూతురికి ఇంజనీరింగ్ సీటొచ్చిందని, పత్తి అమ్మిన డబ్బు పైపంచెలో కట్టుకుని నంద్యాల బస్సెక్కే మనిషి కోసం పెట్టారు. అదే మనిషి విత్తనాలు కొంటే సంచి మీద లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలకశాతం, గడువు ఉండాలని చట్టం ఉంది. విత్తనానికి ఉన్న లెక్క వేలకు వేలు పోసి కొనే లాప్‌టాప్‌కు ఎందుకు లేదు? పాతది అమ్మొద్దని ఎవడన్నాడు? బసవడు ఇప్పటికీ మడక లాగుతాడు. పాతదని చెప్పి, పాత ధరకు అమ్మండి, కొనుక్కుంటాం. ఆ పిల్ల నాలుగేళ్లు ఆ డబ్బా ముందు కూర్చోవాలి. దాని వయసును నాన్నకు కనబడకుండా దాచడానికి ఇంతమంది చదువుకున్నవాళ్లు జీతాలు తీసుకుని కూర్చోవడం సిగ్గుచేటు.

బసవణ్ణి కూడా పెద్దనాయన ఎప్పుడో ఒకనాడు అమ్మాల్సిందే. ఆనాడు కొనేవాడు అడక్కముందే తనే మూతి పట్టుకుని పెదవి కిందికి లాగుతాడు.