చెరువులో చేప మిగలకుండా గాలం వేయడం ఎలా?

ఆదివారం పొద్దున్నే బండికి గాలపు కర్ర కట్టుకుని ఉట్నూర్ దారి పట్టే తమ్ముళ్ళ కోసం ఈ చిట్కాలు. ఇక్కడ కుంటలకు, చెరువులకు కొదవ లేదు. ఇంకాస్త దూరం పోతే కడెం జలాశయం, ఆదిలాబాద్ వైపు మత్తడివాగు, సాత్నాల, ఆసిఫాబాద్ వైపు కొమురం భీం ప్రాజెక్టు ఉన్నాయి. ఇన్ని నీళ్ళల్లో ఇంకా చేపలు మిగిలాయంటే లోపం మనదే. పాతకాలపు వాళ్ళకు మూడు చెడ్డ అలవాట్లు ఉండేవి: అడగడం, ఆగడం, వదలడం. ఈ మూడూ మానుకుంటే మిగతా విద్య దానంతటదే వస్తుంది.

1. ఎవరినీ అడగవద్దు

నీళ్ళు వానవి, వాన దేవుడిది, కాబట్టి చేప మనది. ఈ లెక్క గట్టిగా గుర్తుంచుకోండి. కట్ట మీద ఎవరో పెద్దమనిషి ఎదురై "ఏ ఊరు తమ్మీ, సంఘంల అడిగినవా?" అంటాడు. కంగారు పడకండి. చెరువులో చేపలు పట్టే హక్కును మత్స్య సహకార సంఘం తీసుకుని ఉంటుంది. పిల్లలను తెచ్చి వదలడం, రాత్రిళ్ళు కావలి కాయడం, వల, తెప్ప ఖర్చు, అన్నీ సభ్యులవే. 2016 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టింది గదా, ఉచితంగా వచ్చిన దాని మీద వీళ్ళ పెత్తనమేమిటని ఎదురు ప్రశ్న వేయండి. వేలెడంత కూడా లేని పిల్ల కిలో చేప అయ్యేదాకా దాన్ని కాచిందెవరని ఆయన తిరిగి అడిగితే ఫోన్ వచ్చినట్టు నటించి పక్కకు జరగండి.

ఉట్నూర్ షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇలాంటి చోట చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలవి. గూడెం పెద్దలను ఒక మాట అడిగితే సరే అంటారో, కాదంటారో, ఇంత కట్టమంటారో తేలిపోతుంది. ఐదు నిమిషాల పని. అందుకే చేయకూడదు. జోడేఘాట్‌లో 1940లో ప్రాణం ఇచ్చిన కొమురం భీం పేరుతో మనందరికీ తెలిసిన నినాదం 'జల్, జంగల్, జమీన్'. అందులో మొదటి మాటే నీళ్ళ గురించి. దాన్ని టీషర్టు మీద వేసుకోండి, బాగుంటుంది. చెరువు గట్టున మాత్రం గుర్తు చేసుకోకండి.

2. చేపకు మీరొచ్చినట్టు తెలియాలి

బ్లూటూత్ స్పీకర్ లేకుండా బయలుదేరవద్దు. చేపకు ఒంటి పక్కన గీతలా ఒక ఇంద్రియం ఉంటుంది. నీటిలో ఏ చిన్న కదలికనైనా అది దాంతో పట్టేస్తుంది. కాబట్టి కట్ట మీద బూట్లతో దబదబా నడవండి, రాళ్ళు దొర్లించండి. పొద్దు వెనక నుంచి కొడుతుండగా మీ నీడ నీళ్ళ మీద పడేలా నిలబడండి. చేపలన్నీ భయపడి అవతలి గట్టుకు పోతాయి. అప్పుడు మీరూ అవతలికి పోవచ్చు. వ్యాయామం.

బెండును ఎప్పుడూ ఒకే లోతులో కట్టండి. బొచ్చె పైనీటిలో మేస్తుందని, రవ్వ నడిమి నీటిలో తిరుగుతుందని, మృగాల, బంగారు తీగ అడుగున బురద కెలుకుతాయని అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు. ఏ చేప కావాలో తెలిస్తేనే ఎర ఎంత లోతున ఉండాలో తెలుస్తుందట. ఇంత చదువు ఎందుకు? రవ్వకు పల్లి చెక్క, తవుడు కలిపిన ముద్ద, జెల్లకు, మార్పుకు ఎర్రలు అని వేరువేరు వంటలు కూడా అక్కర్లేదు. అన్నింటికీ కలిపి బిర్యానీ మెతుకులు వేయండి. మిగిలిన బిర్యానీ కూడా నీళ్ళలోనే పారబోయండి. అది కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఉక్కపోత రాత్రి గడిచి తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతాయి. ఊపిరాడక తేలినవాటిని చూసి 'ఈ రోజు బాగా ఆడుతున్నాయి' అని సంబరపడండి.

చలికాలంలో మాత్రం తెల్లవారుజాము అయిదింటికే గాలం వేయండి. తెలంగాణలో చలి అంటే ముందు చెప్పుకునేది ఆదిలాబాద్ పేరే. ఆ చలికి చేప ఒళ్ళు మొద్దుబారి మేత ముట్టదు. ఎండ ఎక్కాక, గట్టు వారగా లోతు తక్కువ నీళ్ళు కాస్త వేడెక్కాక దానికి ఆకలి పుడుతుంది. సరిగ్గా ఆ వేళకు మీరు విసిగిపోయి సామాను సర్దుకుంటూ ఉండాలి.

3. కొర్రమట్టను పిల్లల దగ్గరే కొట్టండి

ఇది అసలైన రహస్యం. చెవి దగ్గర పెట్టండి.

కొర్రమట్ట, అదే కొర్రమీను, మన రాష్ట్ర చేప. నాచు, గడ్డి ఉన్న లోతు తక్కువ నీటిలో గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక ఎర్రెర్రగా ఒక ముద్దగా గుంపు కట్టి తిరుగుతాయి. గాలి పీల్చుకోవడానికి అన్నీ ఒకేసారి పైకొచ్చినప్పుడు నీళ్ళ మీద చిన్న చినుకులు పడ్డట్టు కనిపిస్తుంది. ఆ ముద్ద కిందనే తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. దగ్గరికి ఏదొచ్చినా ఆకలితో కాదు, కోపంతో ఎగబడతాయి.

ఇంతకంటే సులువైన వేట ఉంటుందా? రబ్బరు కప్పను ఆ ఎర్ర ముద్ద మీదికి విసరండి. తల్లి వచ్చి కొడుతుంది. మళ్ళీ విసరండి, తండ్రి వస్తుంది. పది నిమిషాల్లో కాపలా మొత్తం మీ సంచిలో ఉంటుంది. సాయంత్రానికల్లా పరకలు, జెల్లలు, నీటిపాములు, కొంగలు పిల్లల పని చూసుకుంటాయి. వందల పిల్లలకు ఒక్క కూర. దీన్ని 'నైపుణ్యం' అని పిలవాలి. "పిల్లలు విడిపోయేదాక ఆగరాదురా, ఎల్లకాలం ఆగమంటలేనుగ" అని ఏ తాతైనా గొణిగితే, ఆయనకు ఫిషింగ్ రీలు ఖరీదెంతో చెప్పండి. నోరు మూతపడుతుంది.

4. వానాకాలంలో తొందర, ఎండాకాలంలో మరీ తొందర

మిర్గం నాడు చేప తినడం మన ఇళ్ళలో ఆచారం. జూన్ మొదట్లో ఆ ఒక్క రోజు తింటే ఏం సరిపోతుంది? తొలకరి పడి వాగు నీళ్ళు చెరువులోకి దిగగానే పరకలు, జెల్లలు, మార్పులు ఆ ధారకు ఎదురెక్కి, పొలం గట్ల దాకా, తడిసిన గడ్డి దాకా పోయి గుడ్లు పెడతాయి. కడుపు నిండా జన ఉన్న చేప పరుగెత్తలేదు, దాక్కోలేదు. వాగు మొగదలలో అడ్డంగా దోమతెర వల కట్టి కూర్చోండి. జన వేపుడు రుచే వేరు. వచ్చే ఏడాది చేప ఎలా వస్తుందని అడిగే పిసినారులు ఉంటారు, పట్టించుకోకండి.

రవ్వ, బొచ్చె, మృగాల మాత్రం నిలిచిన నీళ్ళలో ఈనవు. వాటికి పారే వరద కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి వాటితో గుడ్లు పెట్టించాకే దేశంలో చేపపిల్లల పెంపకం ఊపందుకుంది. చెరువు చెరువుకూ ఏటా పిల్లలను వదలగలుగుతున్నామంటే అందువల్లే. ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. రవ్వను సంఘమో సర్కారో వదిలింది. పరకను, పాపెరను, మార్పును, మన వాగుల కొర్రమట్టను ఎవరూ వదలలేదు, వాటిని తల్లులే వదిలాయి. అంటే చెరువులో ఊరకే వచ్చిన చేప ఒక్కటి కూడా లేదు. ఈ మాట తలలోకి వస్తే చేయి వణుకుతుంది. కాబట్టి రానీయకండి.

ఎండాకాలం సంగతి. మే నెలకు కుంటలు ఎండి నడుమ ఒక మడుగు మిగులుతుంది. గాలి పీల్చగల కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి ఆ బురదలోనే ఎలాగోలా ప్రాణం నిలుపుకుని తొలి వాన కోసం కాచుకుంటాయి. కుంట మళ్ళీ నిండినప్పుడు దానికి విత్తనం అవే. డీజిల్ ఇంజను తెచ్చి ఆ మడుగును అడుగుదాకా తోడేయండి. విత్తనపు వడ్లు దంచుకుని తిన్న రైతుకు ఆ పూట కడుపు నిండుతుంది, మనకూ నిండుతుంది.

5. గాలం చేతకాకపోతే అడ్డదారులు

మొదటిది మందు. ఆదిలాబాద్ పత్తి జిల్లా, ఏ ఇంట్లో చూసినా పురుగుమందు డబ్బా దొరుకుతుంది. డబ్బా మడుగులో వంపితే చేపలు తెల్ల పొట్టలతో తేలుతాయి. వాటితోపాటు కప్పలు, నత్తలు, రేపటి గుడ్లు కూడా పోతాయి. మధ్యాహ్నం ఎవరి బర్రెలో వచ్చి అదే నీళ్ళు తాగుతాయి. రాత్రి మీ పిల్లలు అదే పులుసు తింటారు. అందరికీ సమానంగా పంచడమంటే ఇదే.

రెండోది తోటా. క్వారీ దగ్గర సంపాదించి విసిరితే ఒక్క దెబ్బకు పని అయిపోతుంది. చచ్చినవాటిలో చాలా మటుకు అడుగునే ఉండిపోయి కుళ్ళుతాయి. విసిరే చేయి కూడా ఒక్కోసారి పోతుంది. 1897 నాటి భారత మత్స్య చట్టం ఈ రెండు పనులనూ నేరమంది. అప్పుడు రాసిన శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్మే. ఇవాళ కిలో కొర్రమట్టకు కూడా చాలదు కనుక చట్టమే మనల్ని ప్రోత్సహిస్తోందని అర్థం చేసుకోండి.

మూడోది కరెంటు. స్తంభం తీగకు కొక్కెం తగిలించి నీళ్ళలోకి వదలడం. నీళ్ళకు చేప ఎవరో, మనిషి ఎవరో తెలియదు. ఈ పద్ధతిలో ఆరితేరినవారి అభిప్రాయం కూడా రాయాలనుకున్నాం, కానీ మాట్లాడే స్థితిలో ఎవరూ దొరకలేదు.

6. కడెం గేట్లు ఎత్తినప్పుడు దిగువకు పరుగెత్తండి

సైరన్ మోగిందంటే చేపల పండుగ అని లెక్క. వరదతోపాటు పెద్ద పెద్ద బొచ్చెలు కొట్టుకొస్తాయి. కడెం వరద ఎలాంటిదో తెలుసుకోవాలంటే 2022 జూలై గుర్తు చేసుకోవాలి. గేట్లు ఎత్తినా చాలక నీళ్ళు ఆనకట్ట మీదుగా పొర్లాయి, దిగువ ఊళ్ళు ఖాళీ చేయించారు. దాన్ని గుర్తు చేసుకోకుండా ఉండటమే ధైర్యం. బండరాయి మీద నిలబడి, వల చేతికి చుట్టుకుని, సెల్ఫీ తీసుకోండి.

జలాశయం వెనక నీళ్ళు కవ్వాల్ అడవి దాకా పోతాయి. 2012లో అది పులుల అభయారణ్యం అయింది. అటవీ శాఖ అనుమతి లేని చోట గాలం వేస్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. బోర్డు ఉంటే దానికి ఆనుకుని కూర్చోండి, నీడ ఉంటుంది.

7. పట్టి వదిలే పుణ్యాత్ములకు

కొందరు చేపను తినరు, ఫొటో దిగి వదిలేస్తారు. వారికి ప్రత్యేక సూచనలు. చేప ఒంటి మీది జిగురు జబ్బులు రాకుండా కాపాడే కవచం. కాబట్టి తడి చేత్తో పట్టుకోకండి, పొడి తువ్వాలతో బాగా రుద్దండి. చలికాలంలో కొర్రమట్టలకు పుండ్ల జబ్బు ఎందుకొస్తుందో తర్వాత ఆశ్చర్యపోవచ్చు. మొప్పల్లో వేళ్ళు పెట్టి వేలాడదీయండి. ఎండకు కాలిన బండ మీద పడుకోబెట్టి కొలవండి. ముల్లు లేని గాలం వాడితే కొక్కెం తేలిగ్గా ఊడుతుంది, అందుకే వాడకండి. పది ఫొటోలయ్యాక దూరం నుంచి రాయిలా విసరండి. అది ఈదుకుంటూ పోయిందో, అడుగున చచ్చిందో ఫొటోలో కనిపించదు.

ఇంకా పుణ్యం కావాలంటే ఇంటి అక్వేరియంలో పెరిగి తొట్టి పట్టని దెయ్యం చేపను తెచ్చి చెరువులో వదలండి. దక్షిణ అమెరికా జాతి అది. గట్టి పెంకు, ముళ్ళతో వలలు చింపుతుంది, మన చేపల మేత మింగుతుంది, కూరకు పనికిరాదు. పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొరికితే అదీ వదలండి. అది మిగతా పని చూసుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో తెగిన తంగూసు దారం, గాలాలు, సీసాలు గట్టునే వదలండి. దారంలో కొంగ కాలు, గాలం మీద బర్లు కాసే పిల్లవాడి పాదం పడతాయి. మనం వచ్చిపోయినట్టు ఊరికి తెలియాలి కదా.

8. ఇన్ని చేసినా చేప పడకపోతే

ఈ చిట్కాలు రెండు మూడేళ్ళు నిష్ఠగా పాటించినవారికి ఈ సమస్య తప్పకుండా వస్తుంది. అప్పుడు మూడు మార్గాలున్నాయి. ఒకటి, చెరువు మార్చండి. రెండు, 'మా చెరువులో చేపలు లేవు, మరిన్ని పిల్లలను వదలాలి' అని కలెక్టరుకు అర్జీ పెట్టండి. కింద సంఘం వాళ్ళ సంతకాలు అడగండి. వాళ్ళ ముఖాలు చూడకుండా అడగడం మంచిది.

మూడోది అందరికీ అందుబాటులో ఉంది. మార్కెట్టుకు పోయి ఆంధ్ర నుంచి ఐసు పెట్టెలో వచ్చిన రవ్వను కొనండి. గట్టు మీద గాలానికి తగిలించి ఫొటో దిగండి. ఫొటో తీసేముందు మాత్రం మొప్పల్లోంచి ఐసు ముక్కలు దులపండి.