కనుమల మీద దండయాత్ర

హిమాలయాలు ఏటా జూన్‌లో ఓడిపోవడం మొదలుపెడతాయి. సెప్టెంబరు దాకా ఓడిపోతూనే ఉంటాయి. హైదరాబాదు, బెంగళూరు, పుణెల నుంచి వీరులు మోకాళ్లకు కవచాలు కట్టుకుని, హెల్మెట్‌కి కెమెరా బిగించుకుని బైకుల మీద బయల్దేరతారు. లద్దాఖ్‌లో ఖర్దుంగ్ లా అనే కనుమ బోర్డు పక్కన నిలబడి "జయించేశాం" అని ప్రకటిస్తారు. ఆ బోర్డు 18,380 అడుగులంటుంది. కొలిచి చూసినవాళ్లు 17,582 అంటారు. పడగొట్టిన శత్రువుని కాస్త పొడుగు చేసి చెప్పడం ప్రతి దండయాత్రలోనూ ఉన్నదే కనుక ఆ ఎనిమిది వందల అడుగుల్నీ క్షమించేద్దాం.

రోడ్డు లేని చోట నడపడానికి చేసిన అసలు డర్ట్ బైక్ అంటే హెడ్‌లైటు, నంబరు ప్లేటు లేని తేలికపాటి బండి. దాన్ని మన రోడ్డెక్కిస్తే పోలీసులు ఊరుకోరు. అందుకని వీరులు దాని బలిసిన దాయాదిని, అడ్వెంచర్ బైకుని కొంటారు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. దానికి ఇనప పెట్టెలు, పెట్రోలు డబ్బా, గుడారం, డ్రోను తగిలించాక అది రాళ్లలో పడితే లేపడానికి ఊరు కదలాలి. రోడ్డుతో పనిలేని బండి అని మాత్రం పేరు.

పనిలేని ఆ రోడ్డు సంగతి చూద్దాం. రోహ్‌తాంగ్ కనుమ మంచులో అవస్థ పడకుండా 2020లో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చింది. 19,024 అడుగుల ఉమ్లింగ్ లా మీదికి సరిహద్దు రోడ్ల సంస్థ తారు పరిచింది, 2021లో గిన్నిస్‌కెక్కింది. 2025లో 19,400 అడుగుల మిగ్ లాకి కూడా దారి వేసేశారు. పాపం, ఉమ్లింగ్ లా స్టిక్కరు అతికించుకున్నవాళ్లంతా మళ్లీ సెలవు పెట్టాలి. వీళ్లందరి కంటే ముందే రోడ్డు వేసే కూలీలు అక్కడికెక్కారు. వాళ్లకి స్టిక్కర్లు ఎవరూ ఇవ్వలేదు.

రోడ్డు లేని చోట బండి నడిపే విద్య నిజంగా వచ్చినవాళ్లు మనలో లేరని కాదు. డకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్, 2015లో. హరిత్ నోవా 2024లో అక్కడే ర్యాలీ2 తరగతి గెలిచాడు. దారి కనిపించని ఇసుకలో దారి వెతుక్కుంటూ సాగే పోటీ అది. కనుమలెక్కే మన వీరుడికేమో ప్రతి వంపులోనూ బోర్డులు ప్రాసలు కట్టి మరీ జాగ్రత్తలు చెబుతుంటాయి.

డర్ట్ బైక్‌కి ముందు మడ్‌గార్డు చక్రానికి బాగా ఎత్తున ఉంటుంది, బురద ఇరుక్కోకుండా. ఆ మడ్‌గార్డు అవసరమైనవాడు ప్రకాశంలోనో కర్నూలులోనో ఉన్నాడు. వానపడ్డ నల్లరేగట్లో పాత స్ప్లెండరు చక్రం బిగుసుకుపోతే దిగి, పుల్లతో మట్టి గీకి, వెనకాల మందుల డబ్బా జారకుండా చూసుకుంటూ చేనికి పోతాడు. దీన్ని సాహసమంటారని ఆయనకెవరూ చెప్పలేదు. చెబితే సబ్సిడీ అడుగుతాడేమో.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చాంగ్‌థాంగ్ పీఠభూమి చేరాక నవ్వు రాదు. తారు రోడ్డు మీద వీడియో పసగా రాదు కాబట్టి వీరుడు అక్కడ పచ్చిక మీదికి దిగుతాడు. ఆ చలిలో, ఆ ఎత్తున గడ్డి ఎదగడమే గగనం. చక్రాల గాడి ఏళ్ల తరబడి మానదు. చాంగ్‌పా కాపరుల పశ్మీనా మేకలకు మేత అదే. చిత్తడి నేలల్లో నల్లమెడ కొంగలు గూళ్లు పెడతాయి. అడవిగాడిదలు, అంటే కియాంగులు, బెదిరి పరిగెడుతుంటే వాటి పక్కనే బండి ఉరికించి దానికి సంగీతం జోడించే ఘనులూ ఉన్నారు. నుబ్రా లోయలో హుందర్ ఇసుక తిన్నెలపై బండి తోలినవాళ్లకు 2022లో అధికారులు యాభై వేలు జరిమానా వేశారు. రోడ్డున్న చోట రోడ్డే లేదంటారు, లేని చోట తామే వేసిపోతారు!

మధ్యాహ్నానికి ఎండకు మంచు కరిగి వాగులు ఉబ్బుతాయి. స్థానికులు పొద్దున్నే దాటేస్తారు. వీరుడు పదింటికి లేచి, ఆమ్లెట్ తిని, మూడింటికి వాగులో దిగుతాడు. గుండ్రాయి మీద చక్రం జారి రెండు క్వింటాళ్ల సాహసం పక్కకి ఒరుగుతుంది. ఒడ్డున కంకర కొడుతున్న ఝార్ఖండ్ కూలీలు నలుగురు, రబ్బరు చెప్పులతోనే, చల్లటి నీళ్లలోకి దిగి బండి లేపి అవతలికి నెడతారు. ఎడిటింగులో ముందు పోయేది ఆ ముక్కే.