నడుము ఫిల్ము ఆత్మకథ

నేను ఎక్స్‌రే ఫిల్ముని. గణపవరం దగ్గర చేపల చెరువుల మీద పనిచేసే ఒకాయన నడుము నాలో ఉంది. పడవలో నిలబడి తవుడు బస్తా ఎత్తుతుంటే ఆయనకి నడుము పట్టేసింది. కాపడం పెట్టుకున్నాడు, తగ్గలేదు. పిర్ర నుంచి మడమ దాకా లాగుడు మొదలయ్యాక తాడేపల్లిగూడెం వెళ్లి నన్ను తీయించుకున్నాడు. చీకటిగదిలో మందునీళ్లలో మునిగి, క్లిప్పుకి వేలాడి ఆరాను. నాలో నల్లగా కనిపించేదంతా వెండే. ఒక మూల తెల్లగా 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం పడింది. సీసపు అక్షరం పెట్టి తీస్తారు, ఆ పక్క కుడివైపని గుర్తు.

ఆ మూలే ఇప్పుడు నాకు లేదు.

ఇంటికొచ్చాక నన్ను మంచం కింద పెట్టారు, తర్వాత అటక మీదికి విసిరారు. వానాకాలం చెమ్మకి కవరు నాకే అంటుకుపోయింది. ఆయన పేరు ఉన్నది ఆ కవరు మీదే. ఎవరో లాగితే చిరిగిపోయింది. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం పట్టింది. పిల్లలు నన్ను దించి కళ్లకి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశారు. నేను వెలుగు తగ్గిస్తాను గానీ కంటిపొరని కాల్చే కిరణాల్ని ఆపలేను. వద్దురా అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఇద్దరికీ కావాలని కత్తెరతో మూల కోశారు. 'ఆర్' ఆ ముక్కతో పోయింది. కొలిచి తీసిన ఒక మనిషి నడుముని పాత కాగితంలా కోసేశారన్న బాధ నాకింకా పోలేదు.

పాదం పైకి లేవడం మానేశాక గానీ ఆయన్ని ఏలూరు తీసుకెళ్లలేదు. ఎం.ఆర్.ఐ. తీసి, డిస్క్ జారి నరాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చేయాలన్నారు. న్యూరోసర్జన్ ఆయన భార్యని అడిగాడు: "పాత ఎక్స్‌రే ఏమన్నా ఉందా అమ్మా?"

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

నన్ను వెలుగుపెట్టె మీద పెట్టారు. పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు జనరల్ సర్జరీలో ఎమ్మెస్ చేసి, నీట్ ఎస్‌ఎస్ ప్రవేశ పరీక్ష రాసి, న్యూరోసర్జరీ ఎంసీహెచ్‌లో చేరినవాడు. అది ఇంకో మూడేళ్లు. ఎంబీబీఎస్ నుంచి నేరుగా ఆరేళ్ల చదువూ ఉంది. ఏ దారిన వచ్చినా మొదట నేర్చుకోవలసింది వెన్నుపూసలు లెక్కపెట్టడమే అని నా నమ్మకం.

"ఏ డిస్క్ బాబూ?" అన్నాడు పెద్ద డాక్టరు.

"రిపోర్టులో అయిదో పూస కింద అని ఉంది సార్."

"పై నుంచి లెక్కపెట్టు."

చివరి పక్కటెముక దగ్గర మొదలుపెట్టి వేలితో ఒక్కో పూసా దిగాడు. నడుములో అయిదు పూసలుండాలి. ఈయనకి అయిదోది పుట్టుకతోనే కింది త్రికాస్థితో అతుక్కుపోయింది. చెడిన డిస్క్ నాలుగో పూస కింద ఉంది. ఎం.ఆర్.ఐ. నడుము మేరకే తీశారు, పక్కటెముకలు పడలేదు, కింద నుంచి లెక్కేశారు. ఒకే డిస్క్‌కి రెండు పేర్లొచ్చాయి. వెన్ను ఆపరేషన్లో ఒక పూస తప్పితే మంచి డిస్క్ తెగుతుంది, చెడ్డది అలాగే ఉండిపోతుంది. అది ఆ పూట నా వల్ల తప్పింది.

"కుడేదో ఎడమేదో దీన్ని బట్టి చెప్పలేం, గుర్తు లేదు," అన్నాడు కుర్ర డాక్టరు. అందుకు మళ్లీ కొత్త ఎక్స్‌రే తీయించారు. పిల్లలు కోసిన మూలకి ఖరీదు అది.

మా వంశానికి ఇలాంటి పనులు కొత్త కాదు. 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టినప్పుడు మన గోదావరి జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. సీటీ లేదు, ఎం.ఆర్.ఐ. లేదు. వెన్నులోకి రంగుమందు ఎక్కించి మా మీదే చూసేవారు. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు మందమెక్కి వెన్నుపాముని నొక్కేయడాన్ని న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి అధ్యయనం చేసినప్పుడూ సాక్ష్యం పలికింది మా ఫిల్ములే.

ఆపరేషన్ రోజు కత్తి పెట్టేముందు అందరూ ఆగారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల జాబితాలో కోతకి ముందు అడగాల్సినవి నర్సు పైకి చదివింది. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఎక్కడ కోస్తారు? అవసరమైన ఫిల్ములు ఎదురుగా ఉన్నాయా అన్నదీ అందులో ఒక ప్రశ్న. అది నా ప్రశ్న. "ఉన్నాయి," అన్నారు. సూది గుచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూసి, నాతో పోల్చి, అదే పూస అని ఖాయం చేసుకున్నాకే కోశారు.

ఆయన నడిచి ఇంటికెళ్లాడు. నన్ను మాత్రం పండక్కి ఇల్లు దులిపినప్పుడు పాత సామాన్లవాడికి వేసేశారు. వెండి కోసం మమ్మల్ని తూకానికి కొంటారు. ఆయన పూసల లెక్క వేరని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. రేపు మళ్లీ నడుము పట్టేస్తే కొత్త డాక్టరు అడిగేది నన్నే. కట్ట ఇంకా విప్పలేదు, దుకాణంలోనే ఉంది. వచ్చి అడిగితే ఇస్తాడు.